పేజీ తిప్పని మనిషి

ఆయన తిరిగిచ్చిన పుస్తకాన్ని దులిపితే పిండి రాలేది. జొన్నపిండి, సజ్జపిండి, ఒక్కోసారి కారం కూడా. గట్టు అనే ఊళ్ళో శాఖా గ్రంథాలయం నా చేతిలో ఉన్న రోజులవి. అట్ట మీద చాయ్ మరక కనిపిస్తేనే ఊరుకునే మనిషిని కాదు నేను. అలాంటిది పేజీ పేజీకీ పిండి అంటే నాకు ఎంత ఒళ్ళు మండేదో మీరే అనుకోండి. "మీరు చదువుతున్నారా, రొట్టెలు చేస్తున్నారా?" అని మొదటి నెలలోనే అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు. భుజం మీది తువ్వాల తీసి పుస్తకాన్ని శ్రద్ధగా తుడిచాడు. ఆ తువ్వాల నిండా పిండే కాబట్టి పుస్తకానికి ఇంకాస్త అంటింది.

పోయిన వారం ఆయన చనిపోయాడని ఫోన్ వచ్చింది. నేనిప్పుడు నాగర్‌కర్నూల్‌లో పనిచేస్తున్నాను. ఫోన్ చేసిన అమ్మాయి గురించి తర్వాత చెబుతాను. పిండి గిర్నిలో పనిచేసేవాడు కాబట్టి గట్టులో అందరూ ఆయన్ని గిర్నాయన అనేవారు. సభ్యత్వ రిజిస్టరులో ఆయన పేరు నా చేత్తోనే రాశాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన విషయంలో ఒకసారి నోరు జారాను, ఆ ఒక్కసారి చాలు.

గిర్ని మధ్యాహ్నం ఆపేస్తారు. మూడు, నాలుగు గంటల మధ్య ఆయన వచ్చేవాడు. చెప్పులు బయట విడిచి, కాళ్ళు దులుపుకుని, రోడ్డుకు వీపు పెట్టి మూల కుర్చీలో కూర్చునేవాడు. కనుబొమల మీద పిండి అలాగే ఉండేది. రోడ్డు మీద ఆటో హారన్ మోగితే చాలు, చదువుతున్న వరుస మీద వేలు ఆగిపోయేది. ఆటో దూరం పోయాక మళ్ళీ కదిలేది. ఊళ్ళో ఎంత దూరమైనా నడిచే వెళ్ళేవాడు. బస్సు ఎక్కగా కూడా ఎవరూ చూడలేదు. ఆయనకు మోకాళ్ళ మీద నమ్మకం ఎక్కువేమో అనుకున్నాను.

ఇప్పుడు గ్రంథాలయాలకు వచ్చేవాళ్ళలో చాలామంది ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. గైడ్లు, బిట్లు, కరెంట్ అఫైర్స్. నవలలు అడిగేవాళ్ళు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. అందుకే పిండి పెట్టి పాడు చేస్తున్నా ఆయన్ని నేను పొమ్మనలేకపోయాను. పైగా ఆయన చదివే తీరు అలాంటిది. నోరు మూసుకుని చదవలేడు. గది అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఉన్నట్టుండి "వద్దు నాయినా, జర ఆగు" అనేవాడు. పిల్లలు కిసుక్కున నవ్వేవారు. నేను బల్ల మీద స్కేలుతో కొట్టేదాన్ని. ఎవరిని ఆగమంటున్నాడో మాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు తిరిగొచ్చిన పుస్తకాలు దులుపుతూ ఒక సంగతి గమనించాను. పిండి నూట పన్నెండో పేజీ దాకానే ఉంది. ఆ తర్వాత పేజీలు కొత్త నోట్లలాగా శుభ్రంగా ఉన్నాయి. అంతకుముందు ఆయన తెచ్చిన పుస్తకాలు అల్మారాలోంచి తీసి చూశాను. అన్నీ అంతే. ఒకటి సగం దాకా, ఒకటి పావు దాకా, ఒకదానికి ఇరవై పేజీలు కూడా అంటలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పదిహేను రోజులు ఇంట్లో పెట్టుకుని, గడువు పొడిగించుకుని, ఇరవై పేజీలా?

ఇంటికి తీసుకెళ్ళి ఆ పేజీలు చదివాను. అప్పుడు తెలిసింది. నూట పన్నెండో పేజీలో ఒక తమ్ముడు అన్న గదిలోకి వెళ్ళి దొంగతనంగా పత్రాలు తీయబోతాడు. గది తలుపు దగ్గర పిండి ఆగిపోయింది. ఇంకో నవలలో తాగివచ్చిన తండ్రి కొడుకు మీద చెయ్యెత్తుతాడు. ఆ ఎత్తిన చెయ్యి దగ్గర ఆగిపోయింది. ప్రతి పుస్తకంలోనూ ఎవరో ఒకరు చేయరాని పని చేయబోయే చోట ఈయన పుస్తకం మూసేశాడు.

మరునాడు వచ్చీ రాగానే పట్టుకున్నాను.

"పూర్తిగా ఎందుకు చదవరు?"

దొరికిపోయిన మనిషిలా చూశాడు. "ఆడిదాంక సదివితె వాడు మంచోడే గద మేడం. పేజీ తిప్పితె పాడైతడు."

"మీరు తిప్పకపోతే మాత్రం? అక్కడ అచ్చయి ఉంది కదా."

"అయితే అయింది. నా చేత్తోని కావద్దు."

నేను నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పుస్తకాల్లో మనుషుల గురించి ఇరుగుపొరుగు వాళ్ళ గురించి మాట్లాడినట్టే మాట్లాడేవాడు. కొడుకును కొట్టే ఆ తండ్రి గురించి వారం రోజులు వాదించాడు. "వాడు సిన్నగున్నప్పుడు వాని నాయిన వాణ్ని బాయిల ఏలాడదీసిండు, అది మీరు మర్సిపోయిన్రు మేడం" అన్నాడు. "మర్చిపోలేదు. అయినా పిల్లవాణ్ని కొడితే తప్పు తప్పే" అన్నాను. "తప్పు గాదని ఎవరన్నరు? తప్పే. వానికి గూడ తెల్సు. తెల్సి గూడ చెయ్యి లేస్తున్నది సూడు, అది సూసి నేను ముందలికి పోలేను" అన్నాడు. నేను కథల్లో దుర్మార్గుడికి శిక్ష పడేదాకా నిద్రపోని రకాన్ని. ఆయన దుర్మార్గుడి దగ్గర కూర్చుని వాడి నుదురు పట్టి చూసే రకం. అందుకని మా ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు, అలాగని మాట్లాడుకోకుండా ఉండలేకపోయేవాళ్ళం.

ఆ ఏడు వర్షాలు మొదలయ్యాక ఒక అమ్మాయి సభ్యత్వానికి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. వడ్డేపల్లి దగ్గరి పల్లె, గట్టులో చిన్నమ్మ ఇంట్లో ఉండి పరీక్షలకు చదువుకుంటోంది. ఫారం నింపుతూ నేను అడుగుతున్నాను, ఆమె చెబుతోంది. గిర్నాయన పక్కనే పుస్తకం పట్టుకుని తన వంతు కోసం నిలబడి ఉన్నాడు.

"జామీను సంతకం మీ అమ్మతోనో నాన్నతోనో పెట్టించుకురా."

"అమ్మ లేదు మేడం. నా ఎనిమిదేండ్లప్పుడు పోయింది. పత్తి చేన్ల క్రాసింగ్ పనికి పొయ్యేటప్పుడు ఆటో బోల్తా పడ్డది." ఊరి పేరు, తల్లి పేరు చెప్పింది. "డ్రైవరు ఉరికిపోయిండంట" అని కూడా అంది. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటలా అంది.

గిర్నాయన చేతిలోని పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. చెప్పులు వేసుకోవడం మరిచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆయన లోపలికి రాలేదు. పక్క సందులోకి ఒక కిటికీ ఉండేది. నా కుర్చీ వెనకే. అక్కడికి వచ్చి ఊచల సందులోంచి పుస్తకం ఇచ్చి ఇంకోటి తీసుకునేవాడు. ఎండలోనైనా వానలోనైనా అక్కడే. అమ్మాయి రోజూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లోపలే ఉండేది, అదీ ఆయన మూల కుర్చీలోనే. ఊళ్ళో ఆయనకు ఇల్లంటే గిర్ని వెనక ఒక రేకుల గది. భార్య ఎప్పుడో పుట్టింటికి వెళ్ళిపోయింది. మాట్లాడే మనుషులు ఈ పుస్తకాల్లో వాళ్ళే. మిగిలిన ఆ ఒక్క చోటునూ ఆ పిల్ల తెలియకుండా ఆక్రమించేసింది. లోపల ఎవరూ లేని ఒక రోజు, అమ్మాయి పరీక్ష రాయడానికి వనపర్తి వెళ్ళినప్పుడు, కిటికీ బయట నిలబడే నాతో చెప్పాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"సీడుపత్తి చేన్లకు ఆడోళ్లను కొంటవోతుంటి మేడం. మొగపూలు తెంపి ఆడపూలకు రాస్తరు గద, అది పొద్దు ముదరక ముందే గావాలె. ఎండెక్కినంక రాస్తె కాయ నిలవదు. ఆలస్యమైతె రైతు ఆ ఆడోళ్ల మీద మొత్తుకుంటడు. అందుకే ఉరికిస్తుంటి. ఏడుగురు పట్టేదాంట్ల పదిహేనుమందిని ఎక్కించుకున్న. మోరీ కాడ మలిపిన, మలగలే. నేను బయటికి ఎగిరి పడ్డ. లేసి సూస్తె ఆటో కిందమీదై ఉన్నది. లోపట అందరు కూతలు." కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "రోడ్డు పక్కన కంది చేను. అండ్లకు ఉరికిన. శాన దూరం గూడ పోలే మేడం. పది సాళ్లు దాటి పండుకున్న. పొద్దు గూకేదాంక ఆడనే ఉన్న. అంబులెన్స్ వచ్చింది, పోలీసులొచ్చిన్రు, అన్ని ఇనవడుతున్నయి. లేవాలె అనుకున్న. లేవలే."

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది. ఊర్ల రాజీ చేసిన్రు. ఆయన తప్పేం లేదు, రోడ్డే బాగలేదని ఆడోళ్లే చెప్పిన్రు. కేసు కొట్టేసి ఇంటికి పో అన్నరు. యాడికి పోదును? నేను ఇంకా ఆ కంది చేన్లనే ఉన్న."

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు జాలి కలగలేదు. ఆయన ఊచలు పట్టుకున్న చేతులు చూసి అసహ్యం వేసింది. పదిహేనుమంది ఆడవాళ్ళు, పది సాళ్ళ దూరం. ఇదే సంగతి నవలలో వస్తే నేను కళ్ళు తుడుచుకుంటూ చదివేదాన్ని, ఎదురుగా పిండి మొహంతో నిలబడేసరికి కిటికీ మూసేయాలనిపించింది. జాలి రావడానికి నాలుగు రోజులు పట్టింది. వచ్చాక మాత్రం ఊరుకోలేదు. నా జాలి చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు, ఏదో ఒకటి చక్కబెట్టి తీరాలి దానికి.

"అమ్మాయికి చెప్పకుండ్రి మేడం" అన్నాడు ఆ రోజు వెళ్ళబోతూ. చెప్పనని మాట ఇచ్చాను.

నా దగ్గర ఒక పాత నవల ఉండేది. వరదలో పడవ మునుగుతుంటే ఎక్కినవాళ్ళను వదిలేసి ఒడ్డుకు ఈదుకొచ్చిన పడవవాడి కథ. గిర్నాయన అందులో వరద వచ్చే ముందు పేజీ దాకా చదివి ఇచ్చేశాడు. అదే పుస్తకం ఆ అమ్మాయికి ఇచ్చాను. "నవలలు నాకెందుకు మేడం, టైం లేదు" అంది. "ఎప్పుడూ బిట్లేనా, బుర్ర ఎండిపోతుంది" అని అంటగట్టాను. మూడు రోజుల్లో చదివేసింది. మూడో రోజు సాయంత్రం కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పాపం మేడం వాడు" అంది. "అందరు వాణ్ని తిట్టిన్రు గని, వాడు పడ్డ బాధ ఎవరన్న సూసిన్రా? ముసలోడయ్యేదాంక గా ఒడ్డు మీదనే తిరిగిండు. నేనుంటే ఒక్కసారన్న వాని పక్కకు కూసుందు."

నేను ఉబ్బిపోయాను. ఇంకేముంది, చివరి అధ్యాయం వచ్చేసిందనుకున్నాను. నవలలు చదివి చదివి చెడిపోయిన బుర్ర నాది. ఎవరో ఒకరు ఏడుస్తారు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటారు, పుస్తకం మూసేస్తాం. పైగా అదే సమయానికి కిటికీ దగ్గర ఆయన నీడ పడింది. పుస్తకం మార్చుకోవడానికి వచ్చాడు. నేను ఇచ్చిన మాట గుర్తుంది. గుర్తుండే తప్పాను.

"నీ పడవవాడు ఇక్కడే ఉన్నాడమ్మా" అన్నాను. "మీ అమ్మ ఎక్కిన ఆటో నడిపింది ఈయనే. పన్నెండేళ్ళ నుంచి ఒడ్డు మీదే తిరుగుతున్నాడు."

అమ్మాయి కిటికీ వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు కానీ అక్కడి నుంచి కదల్లేదు. ఈసారి పారిపోకూడదనుకున్నాడేమో. అమ్మాయి నవలను నా బల్ల మీద నిదానంగా పెట్టింది. ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"పుస్తకంల ఉన్నోడు మా అమ్మను ఇడిసిపెట్టి ఉరకలే మేడం" అంది.

తన గైడ్లు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆయన చేతిలోని పుస్తకాన్ని ఊచల సందులోంచి లోపలికి జారవిడిచాడు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి సందు ఖాళీగా ఉంది.

పది రోజులు చూసి గిర్నికి వెళ్ళాను. మిషన్ మోతలో నా మాట నాకే వినపడలేదు. ఆపమని సైగ చేశాను. ఆపాడు. మాట తప్పాను, తప్పు చేశాను అన్నాను. "మీదేం లేదు మేడం. ఎప్పుడన్న తెల్వవల్సిందే" అన్నాడు. జేబులోంచి సభ్యత్వ కార్డు తీసి ఇచ్చాడు. "ఇంక సదవబుద్ది అయితలేదు." తీసుకోనన్నాను. నా సంచీలో పెట్టి మిషన్ వేశాడు. ఆ మోతలో ఇంకేం మాట్లాడను? ఆయనకు మిగిలిన ఒక్క చోటునూ నేనే తీసేశానని తెలుసుకుంటూ ఇంటికి నడిచాను. అమ్మాయి మళ్ళీ గ్రంథాలయానికి వచ్చింది, పరీక్ష దగ్గర పడుతోంది కాబట్టి. నాతో మాట్లాడేది, కానీ ముక్తసరిగా. ఆయన పేరు మేమిద్దరం ఎత్తలేదు. కొన్నాళ్ళకు నాకు బదిలీ అయింది.

తర్వాత రెండేళ్ళకు, పోయిన వారం, ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఉద్యోగం ఇంకా రాలేదట, మళ్ళీ రాస్తోందట. పొడి మాటలు అయ్యాక, "గిర్నాయన పోయిండు మేడం. మొన్న. గుండె ఆగిందన్నరు. నేను పోయి సూసొచ్చిన" అంది.

"నువ్వు వెళ్ళావా?"

"నేను గిర్నికి పోతుంటి మేడం. మీరు పోయినప్పటి సంది."

చిన్నమ్మ ఇంటి పక్కనే ఇంకో గిర్ని ఉంది. అయినా జొన్నల డబ్బా నెత్తిన పెట్టుకుని ప్రతి ఆదివారం ఊరి అవతలి ఈ గిర్నికే పోయేదట. ఎందుకో తనకే తెలియదంది. తిట్టాలని పోయిందట మొదటిసారి. తిట్టలేదు. ఆయన తలెత్తకుండా డబ్బా తీసుకునేవాడు, పట్టి ఇచ్చేవాడు. ఆమె ఎత్తుకుని వచ్చేది. ఏడాదిన్నర ఒక్క మాట లేదు. ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేరు, ఎవరూ మానలేరు.

"ఒక ఆదివారం ఎవ్వరు లేరు మేడం. కరెంటు పోయి మిషన్ ఆగింది. అప్పుడు అడిగిన. మా అమ్మ అప్పుడే పోయిందని, పాపం ఏం తెల్వలేదని మా ఊరోళ్లు చెప్తరు. నాకు నమ్మబుద్ది గాదు. నువ్వు ఆడనే ఉన్నవు గద, ఏమన్న మాట్లాడిందా అని అడిగిన."

"చెప్పాడా?"

"కింద కూసున్నడు. తర్వాత చెప్పిండు. మా అమ్మ కాళ్ల మీద ఆటో ఉన్నదంట. మిగిలినోళ్లంత ఎవరి పిల్లల పేర్లు వాళ్లు తీస్కొని ఏడుస్తున్నరంట. మా అమ్మ ఆయన్ని పిలిచిందంట మేడం. 'అన్నా, యాడున్నవు, నీకేమన్న తాకిందా' అని. మూడు మార్లు పిలిచిందంట."

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"ఏమంట? మాఫ్ చేసిన అననీకె నోరు రాలే. గా మాట ఇని గూడ లేవలే గద మేడం మనిషి. డబ్బ నెత్తిన పెట్టుకొని లేసిన. గుమ్మం దాటుతుంటె ఎనకకెళ్లి అన్నడు, 'నాకేం తాకలేదు తల్లీ, ఒక్క దెబ్బ గూడ తాకలే' అని. నాతోని అంటున్నడేమో అనుకొని తిరిగి సూసిన. నా దిక్కు సూస్తలేడు మేడం. మా అమ్మకు జవాబు చెప్తున్నడు."